మహారాజశ్రీ బాత్రూం బల్లి గారికి

అయ్యా (అమ్మగారైతే మన్నించాలి, అంత దగ్గరికొచ్చి చూడలేదు),

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఉభయుల్లో మీరు కుశలమేనని నిన్న మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర దాకా కళ్లారా చూశాను. ఇక మిగిలింది నా సంగతి.

ఎండలో తిరిగొచ్చి, నాలుగు చెంబులు పోసుకుందామని టవల్ భుజాన వేసుకుని తలుపు తీశాను. మీకు గీజర్ వెనక సందుంది, వెంటిలేటర్ ఉంది, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది. అవన్నీ కాదని తమరు సరిగ్గా తలుపు గొళ్లెం మీద సెటిలయ్యారు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి గొళ్లెం పెట్టకుండానే స్నానం చేయొచ్చు, నిజమే. కానీ తలుపు ఎటు జరిపితే అటు మీరూ వస్తారుగా.

చప్పట్లు కొట్టాను. చెప్పుతో నేల మీద కొట్టాను. గుమ్మం బయటి నుంచే మగ్గుతో నీళ్లు విసిరాను, సగం నా మీదే పడ్డాయి. మీరు కదల్లేదు. వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తే అన్నం తింటున్నానన్నాడు. ఇంకేం చేస్తాను, హాల్లో కూర్చుని మీ గురించి చదవడం మొదలుపెట్టాను.

మీకు విషం లేదట. సాంబారులో బల్లి పడిందంటే ఊరంతా ఆస్పత్రికి పరిగెత్తే దేశంలో పుట్టినవాణ్ణి, నాకీ ముక్క ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. మీ ఒంటి మీద సూక్ష్మక్రిములు ఉండొచ్చు, ఆ సాంబారు పారబోయాల్సిందే, అది వేరే సంగతి. మీకు కనురెప్పలు కూడా లేవట. అందుకే ఆ చూపు. కాళ్ల కింద లక్షల కొద్దీ సన్నటి నూగు ఉంటుందట, ఏ జిగురూ లేకుండా దాంతోనే గోడకి అంటుకుంటారట. పొడి టెఫ్లాన్ మీద మాత్రం జారిపోతారట. అది చదివి ప్రాణం లేచొచ్చింది. గోడలన్నిటికీ నాన్‌స్టిక్ పెనం పూత వేయిద్దామని లెక్కలు కూడా వేశాను. కింద ఇంకో వాక్యం ఉంది: తడి టెఫ్లాన్ మీద బాగానే నిలబడతారట. బాత్రూం అన్నాక తడి లేకుండా ఉంటుందా?

మీరు పరిగెత్తితే నాకు అంత బాధ లేదు. కుక్క పరిగెత్తితే ఎటు పోతుందో తెలుస్తుంది. మీరు గంటన్నర శిలలా ఉండి, నేను గొళ్లెం వైపు చెయ్యి చాపిన ఆ ఒక్క క్షణంలోనే కదులుతారు. ఎటు? గోడ వైపా, నా మోచేతి వైపా? పోనీ, నా మీదే పడ్డారనుకుందాం. ఏమవుతుంది? ఏమీ కాదు. నాకు తెలుసు. పంచాంగంలో తల మీద పడితే కలహం అని రాశారు, మా ఇంట్లో అది మీరు పడకుండానే ఉంది. ఒకసారి కంచి వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లిని ముట్టుకుంటే దోషం పోతుందన్నారు. రేకు బల్లి, కదలదు, దేవుడి గుడి, అయినా నాకు చెయ్యి లేవలేదు. మా ఆవిడ ముట్టుకుంది, నేను మా ఆవిణ్ణి ముట్టుకున్నాను.

డాక్టరైన స్నేహితుడు ఒకడు దీనికి వైద్యం ఉందన్నాడు. ముందు ఫొటో చూడాలట, తర్వాత దూరం నుంచి, తర్వాత కాస్త దగ్గర నుంచి. ఫొటో దగ్గరే ఫోను జారిపోయింది. స్క్రీన్ గార్డు 150 రూపాయలు. మా ఆవిడ ట్యూబ్‌లైటు పైన కోడిగుడ్డు డొప్పలు పెట్టింది, మీ బంధువు ఒకాయన వాటి పక్కనే పడుకుంటున్నాడు.

మూడింటికి ఇక ఆ ఇంట్లో ఉండలేక చొక్కా వేసుకుని బండెక్కాను. హెల్మెట్ షూ ర్యాక్ మీదే ఉంది, తీసుకోలేదు. యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో పోయి, ఎదురొస్తున్న లారీ పక్కనుంచి సందు చూసుకుని టీ కొట్టు చేరాను. టీ తాగాను. గుండె ఒక్కసారి కూడా అదరలేదు. 2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. హెల్మెట్ లేక పోయినవాళ్లే 50 వేలు దాటారు. బల్లి పడి పోయినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. ఈ అంకెలన్నీ నోటికొచ్చు, నిన్న కూడా వచ్చు.

ఒరే, ఇక నీకు మర్యాద దండగ. నిన్ను చూస్తే కాళ్లు వణుకుతాయి, లారీని చూస్తే విజిలేస్తాను. ఇలా తయారు చేసింది నువ్వేనని అనలేను గానీ, గొళ్లెం మీద కూర్చుంది మాత్రం నువ్వే!

నాలుగున్నరకి పక్క ఫ్లాట్‌లో రెండో క్లాసు చదివే పాప చీపురు పట్టుకుని వచ్చింది. "చిన్నదే కదా అంకుల్" అంది. నడుం పట్టేసిందమ్మా, వంగలేను అన్నాను. గొళ్లెం నడుం ఎత్తులో ఉందని ఆ పిల్ల గమనించింది, పెద్దమనసుతో ఏమీ అనలేదు. ఒక్క తట్టు తట్టింది. నువ్వు వెంటిలేటర్లోంచి పోయావు, తోక ఇక్కడే వదిలేశావు. అది నేల మీద ఒంటరిగా ఎగిరెగిరి పడుతుంటే నేను సోఫా ఎక్కి నిలబడ్డాను.

సోఫా మీద ఉండగానే నాకో సంగతి తట్టింది. నీ బరువు పది గ్రాములు ఉండదు, నాది 82 కిలోలు. చేతిలో చెప్పుంది, మగ్గుంది, వెనక చీపురు సైన్యం ఉంది. మనిద్దరిలో లెక్క ప్రకారం భయపడింది నువ్వు. ఒంట్లో ముక్క తెంపుకుని పారేసేంత భయం, ముచ్చటేసింది. రాత్రి దోమలు కూడా ఎక్కువే ఉన్నాయి, నీ డ్యూటీ ఏమిటో అప్పుడు తెలిసింది.

కాబట్టి రావచ్చు. ట్యూబ్‌లైటు వెనక ఉండు, దోమల్ని తిను, గొళ్లెం జోలికి మాత్రం రాకు. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా బాత్రూం నాది.

నిజం మాట్లాడితే బల్లి పలుకుతుందనేది మా బామ్మ. ఇందాక వంటింటి గోడ మీద తోక లేని నిన్ను చూసి, "నువ్వంటే నాకిప్పుడు భయం లేదు" అని పైకే అన్నాను. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని పది నిమిషాలు చూశాను. నువ్వు పలకలేదు.

ఇట్లు,
82 కిలోల బాధితుడు