ఖిదిర్‌పూర్ డాక్‌ను పూడ్చేయమనే పెద్దలకు

కోల్‌కతా రేవు మాటెత్తితే చాలు, "దాని పని అయిపోయింది, ఖిదిర్‌పూర్ డాక్ పూడ్చేసి బిల్డింగులు కట్టుకోవచ్చుగా" అంటారు. ఒళ్ళు మండుతుంది. ఓడలు నిలపడానికి నది పక్కన తవ్వి గేట్లు పెట్టిన నీటిమడుగు అది. అసలు దాన్ని ఎందుకు తవ్వారో తెలిస్తే అంత తేలిగ్గా అనరు.

కోల్‌కతా పక్కన పారే హుగ్లీ నదిలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఒక్కోసారి నిలువుగా లేచి వస్తుంది. జెట్టీకి కట్టిన ఓడల తాళ్ళు ఆ ఊపుకి ఆగవు. ముందే ఓడను తప్పించి నదిలో గొలుసులతో బిగించాలి. 1864 అక్టోబర్ తుఫానైతే రేవులోని ఓడల్ని ఒడ్డుకి విసిరేసింది. 1870లో రేవును చూసుకోడానికి పోర్టు కమిషనర్లు వచ్చారు, 1892లో ఖిదిర్‌పూర్ డాక్ తెరిచారు. పని ఒకటే: బయట నది ఎంత ఎగిసినా, ఎంత తగ్గినా లోపలి నీటిమట్టం నిలబెట్టడం.

ధవళేశ్వరం లాకులు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. పోటు మీద ఓడ లాకులోకి వస్తుంది, నది వైపు గేటు మూస్తారు, తూములు తెరిచి డాక్ మట్టానికి సమం చేస్తారు, అప్పుడు లోపలి గేటు తీస్తారు. చిక్కంతా ఇక్కడే. ఓడ దాటిన ప్రతిసారీ కొంత నీరు పోతుంది, ఆ లోటు పూడ్చాలంటే నది నీళ్ళే తోడాలి. అవి బురదనీళ్ళు. లోపల కదలిక ఉండదు కాబట్టి ఒండ్రు అడుగుకి చేరుతుంది. అంటే డాక్ పనిచేస్తున్నంతకాలం పూడుతూనే ఉంటుంది. పూడిక కనిపించగానే చేతకానితనం అనేయడం అన్యాయం. నీళ్ళు పెట్టకుండా వదిలేద్దామా అంటే, తడిసిన మట్టి వెనకనుంచి తోస్తుంటే గోడలకి ఎదురు ఒత్తిడి ఇచ్చేది ఆ నీళ్ళే. మట్టం బాగా దిగిపోతే గోడలు ముందుకి వాలతాయి.

నది సంగతీ అంతే. ఎండాకాలంలో పోటు తక్కువ గంటల్లో జోరుగా వచ్చి ఒండ్రును పైకి ఎక్కిస్తుంది. ఆటు ఎక్కువ గంటలు నెమ్మదిగా సాగుతుంది, తెచ్చినదాన్ని తిరిగి ఈడ్చుకుపోలేదు. ఎగువ నుంచి నీరు తోస్తేనే అది కదులుతుంది. 1975లో గంగ మీది ఫరక్కా బ్యారేజీ నడపడం మొదలుపెట్టింది అందుకే, 40,000 క్యూసెక్కులు ఇటు మళ్ళించాలని. 1996 ఒప్పందం ప్రకారం గంగలో 70,000కి లోపుంటే బంగ్లాదేశ్‌తో చెరిసగం. వాళ్ళ వాటా వాళ్ళకి దక్కాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ సగానికి సగమంటే మనకి 35,000 దాటదు. నీరు బాగా తగ్గిన రోజుల్లో అదీ రాదు. ఇంక "ఫరక్కా కట్టారుగా, పూడికెందుకు ఉంటుంది" అనే వాదన ఎక్కడ నిలబడుతుంది?

ఇంకో సంగతి. ఖిదిర్‌పూర్ లాకు వెడల్పు 80 అడుగులు, అంటే 24 మీటర్ల పైచిలుకు. పనామా కాలువ పాత లాకుల్లో పట్టే పెద్ద ఓడే 32 మీటర్ల వెడల్పు. ఎంత లోతు తవ్వినా అది ఈ గేటు దాటదు. పెద్ద ఓడల కోసమే 1977లో దిగువన హల్దియా డాక్ వచ్చింది. హల్దియాతో పోల్చి ఖిదిర్‌పూర్‌కి మార్కులు వేయకండి. అండమాన్ ఓడలు, బంగ్లాదేశ్‌కి ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) మోసే బార్జీలు, గంగ మీది జాతీయ జలమార్గం... చిన్న ఓడలకి కోల్‌కతాలో పని తక్కువేం లేదు. పూడికకి రేవు పోతే ఎలా ఉంటుందో కోరంగిని అడిగితే చెబుతుంది.

బిల్డింగుల మాట తర్వాత. ముందు గేట్ల అంచుల్లో నీరు కారకుండా సీళ్ళు మార్చండి, పంపులు బాగుచేయండి, బెర్తుల పక్కన ఏటా లోతు కొలిచి ఆ అంకెలు జనానికి చూపించండి.