దిగేముందే ఎక్కడం లెక్కేసుకోండి

అమెరికాలో ఉండే మనవాళ్లలో గ్రాండ్ కాన్యన్ చూడని కుటుంబాలు తక్కువే. లాస్ వేగస్ నుంచి కారులో వెళ్లి, లోయ దక్షిణపు అంచున, అంటే సౌత్ రిమ్ రెయిలింగ్ దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తాం. ఈమధ్య కిందికి దిగి, లోయ అడుగున పారే కొలరాడో నది దాకా వెళ్లాలన్న మాట కూడా తరచుగా వింటున్నాను. సంతోషమే. ఆ ప్లాన్ వేసే తీరు చూస్తేనే టెన్షన్. వాట్సాప్‌లో తేదీ ఖాయమైపోతుంది, పేర్లు పదిహేను దాకా చేరతాయి, ఎవరు ఎంత నడవగలరో మాత్రం ఎవరూ అడగరు. అసలు రాత్రి కింద ఉండే పర్మిట్ ఒక్కో గ్రూపుకి 11 మందికి మించి ఇవ్వరు.

తిరుమల మెట్లెక్కుతూ ఓపిక అయిపోతే వెనక్కి దిగిపోవచ్చు. ఇక్కడ ఓపికున్నప్పుడు దిగుతాం, అది అయిపోయాక ఎక్కాలి. సౌత్ కైబాబ్ దారి 7,260 అడుగుల ఎత్తున మొదలై, ఏడు మైళ్లలో 2,480 అడుగులకి దిగిపోతుంది. దారిలో చుక్క నీరు దొరకదు. వేసవిలో లోయ అడుగున వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. అందుకే అక్టోబరో, వసంతమో ఎంచుకోండి. కనీసం మూడు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు దిగి బ్రైట్ ఏంజెల్ క్యాంప్‌గ్రౌండ్‌లో పడుకుని, రెండో రోజు బ్రైట్ ఏంజెల్ అనే ఇంకో దారిలో సగం దూరం ఎక్కి హవసుపాయ్ గార్డెన్స్‌లో ఆగి, మూడో రోజు మిగిలిన నాలుగున్నర మైళ్లు ఎక్కాలి. పర్మిట్ లాటరీకి నాలుగైదు నెలల ముందే రిక్రియేషన్ డాట్ గవ్‌లో పేరివ్వాలి. పర్మిట్ రాలేదని ఒక్కరోజులో దిగి ఎక్కేద్దామనుకోవడం నా దృష్టిలో అతి పెద్ద తప్పు. వద్దని పార్కు వాళ్లే చెబుతున్నారు.

మేం అక్టోబర్‌లో ఆరుగురం వెళ్లాం. అందరికంటే నెమ్మదిగా నడిచేది మా వదిన. ఆవిణ్ణే ముందు నడవమన్నాం, ఆవిడ అడుగే మా అందరి అడుగు. లోయ అడుగుకి చేరేసరికి దారి పక్కన నల్లటి రాయి కనిపించింది. విష్ణు షిస్ట్ అంటారు దాన్ని, దాదాపు 175 కోట్ల ఏళ్ల నాటిది. వదిన దానిమీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడిపోయింది. పై నుంచి ఫోటో తీసుకుంటే ఆ రాయి చేతికి తగలదు కదా!

రెండో రోజు పైప్ క్రీక్ అనే వాగు దాటి మెలికల దారి మొదలవగానే ఆవిడకి తలనొప్పి, వికారం. పొద్దుటి నుంచి నీళ్లు తాగుతూనే ఉంది, తినాలనిపించక ఏమీ తినలేదు. ఉప్పు లేకుండా నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పడిపోతుంది. చూడ్డానికి వడదెబ్బలా ఉంటుంది, ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకా నీళ్లు తాగించకుండా నీడలో కూర్చోబెట్టి, ఉప్పు పల్లీలు ఒక్కొక్కటే తినిపించాం. అరగంటకి తేరుకుంది. ఎండనపడి వచ్చినవాళ్లకి మా అమ్మమ్మ మంచినీళ్ల కంటే ముందు ఉప్పేసిన మజ్జిగ ఎందుకిచ్చేదో అప్పుడర్థమైంది. మీ బ్యాగులో ఎన్ని సీసాలున్నాయో చూసుకున్నట్టే, ఉప్పుగా తినేవి ఏమున్నాయో కూడా చూసుకోండి.

ఆ రాత్రి గార్డెన్స్‌లో పెద్ద పెద్ద కాటన్‌వుడ్ చెట్ల కింద పడుకున్నాం. హవసుపాయ్ అనే స్థానిక తెగ ప్రజలు పంటలు పండించుకున్న చోటది. వాళ్లని పార్కు అక్కణ్ణుంచి వెళ్లగొట్టింది. 2022లో వాళ్ల పేరైనా ఆ చోటుకి తిరిగి వచ్చింది. అక్కడ గుడారం వేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వేయాలని నా కోరిక.

మూడో రోజు పదకొండింటికి పైకి చేరబోతుంటే నలుగురు కుర్రాళ్లు ఎదురయ్యారు. తెలుగు మాటలు విని ఆగాం. ఒక్కొక్కరి చేతిలో ఒక్క చిన్న నీళ్ల సీసా.

"నది దాకా వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాం అంకుల్."

వదిన బ్యాగు దించి, మిగిలిన పల్లీల పొట్లం వాళ్ల చేతిలో పెట్టింది. "మైలున్నర దగ్గర రెస్ట్‌హౌస్ ఉంది. అక్కడిదాకా వెళ్లి వెనక్కొచ్చేయండి బాబూ. నదికి వచ్చే ఏడాది వెళ్దురుగాని, పర్మిట్ ఎలా తెచ్చుకోవాలో నేను చెప్తాను" అంటూ ఫోన్ నంబర్ ఇచ్చింది.