లెక్కల పరిశోధనకు ఒకటో తారీకు కావాలి

విశాఖలో ఎమ్మే లెక్కలు పూర్తి చేసిన ఇరవయ్యేళ్ల కుర్రాడు ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లాడు. మిలటరీ సర్వే విభాగంలో లెక్కలు తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూకి పోయాడు. ఉద్యోగం రాలేదు. అయితే మహలనోబిస్ గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్ కోసం వచ్చిన ఒకాయనతో అక్కడే పరిచయమైంది. ఆ దారి పట్టుకుని 1941 జనవరిలో ఈ కుర్రాడూ అదే ట్రైనింగ్‌లో చేరాడు. 1945లో, పాతికేళ్ల లోపే, అతను రాసిన ఒక్క పేపరుతో స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో క్రామర్-రావు అసమానత అనే పేరు స్థిరపడిపోయింది. డేటా చూసి వేసే అంచనాలో తేడా ఎంతకన్నా తగ్గదో చెప్పే సూత్రమది. సి.ఆర్. రావు గారి సంగతి ఇది. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఆయన గురించి మాట్లాడినప్పుడల్లా మేధస్సు గురించే మాట్లాడతాం. నా చూపు మాత్రం ఆ ట్రైనింగ్ కోర్సు మీదకు పోతుంది. ఉద్యోగం దొరక్క తిరిగి రైలెక్కాల్సిన మనిషి చేరడానికి ఒక చోటు తెరిచి ఉంది. అది లేకపోతే ఎక్కడో ఒక ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యేవారేమో.

లెక్కల పరిశోధనకు ల్యాబు అక్కర్లేదు. నల్లబల్ల, లైబ్రరీ, సందేహం వస్తే అడగడానికి ఇద్దరు మనుషులు, ఈ నెల మెస్ బిల్లు ఎలా కట్టాలన్న టెన్షన్ లేని నాలుగైదేళ్లు ఉంటే చాలు. చూడ్డానికి ఇంత చవకైన పరిశోధన మరొకటి లేదు. మన ప్రభుత్వ వ్యవస్థకు బాగా చేతకానిది మాత్రం సరిగ్గా ఇదే. యంత్రం కొనమంటే టెండరు పిలిచి, బిల్లు పెట్టి, స్టాకు రిజిస్టరులో రాసి కొంటుంది. ఒక మనిషికి నాలుగేళ్ల తీరిక కొనిపెట్టమంటే ఏ పద్దు కింద రాయాలో దానికి తెలియదు.

ప్రయత్నమే జరగలేదనడం అన్యాయం. 1983లో ఉన్నత గణితానికి జాతీయ బోర్డు పెట్టారు. అందరూ ఎన్‌బీహెచ్‌ఎం అంటారు. అది అణుశక్తి విభాగం కింద ఉంటుంది. లెక్కలకూ అణువుకూ ఏం సంబంధమని తొలిసారి విన్నవాళ్లంతా అడుగుతారు. హోమీ భాభా 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పెట్టినప్పటి నుంచీ అక్కడ గణిత విభాగం గట్టిగా నడిచింది, ఆ సంస్థేమో అణుశక్తి విభాగం గొడుగు కిందికి వచ్చింది. అలా లెక్కలు కూడా అదే ఇంట్లో సర్దుకున్నాయి. ఎమ్మెస్సీ స్కాలర్‌షిప్పులు, పీహెచ్‌డీ ఫెలోషిప్పులు, లైబ్రరీలకు గ్రాంట్లు, సదస్సులకు సాయం, ఒలింపియాడ్, అన్నీ ఈ బోర్డు చూస్తుంది. 1989 నుంచి మన పిల్లలు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కి వెళ్తున్నారు. 2024లో ఇంగ్లండులోని బాత్‌లో నాలుగు బంగారు పతకాలు తెచ్చి, దేశాన్ని నాలుగో స్థానంలో నిలబెట్టారు.

పతకాలు సరే. పతకం దగ్గరికి చేరని వేలమందిలో ఎవరో ఒకరికి లెక్కలంటే నిజంగా ఇష్టం ఉంటే, వాళ్లకు ఏమిటి? దీనికి ఈ దేశంలో దొరికిన మంచి జవాబు ఒక వేసవి బడి. ముంబై విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఎస్. కుమరేశన్ 1993లో ఎన్‌బీహెచ్‌ఎం డబ్బుతో మొదలుపెట్టారు. తర్వాత ఆయన మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చి పనిచేశారు. ఆ బడి పేరు ఎంటీటీఎస్, అంటే మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్. వేసవి సెలవుల్లో నాలుగు వారాలు, డిగ్రీ, ఎమ్మెస్సీ పిల్లలకు. అక్కడ నోట్సు చెప్పి రాయించరు. అడుగుతారు, అంతే.

అలాంటి క్లాసుకి వెళ్లొచ్చిన ఒక అమ్మాయి నాకు చెప్పిన మాట ఇది. ఇంటర్ ఎంపీసీలో నాలుగు లెక్కల పేపర్లలోనూ 75కి 75 తెచ్చుకున్న పిల్ల. మొదటి రోజు బోర్డు దగ్గరికి పిలిచి, రూట్ 2 కరణీయ సంఖ్య అని నిరూపించమన్నారట. పదో తరగతి నుంచి కంఠతా వచ్చినదే, రెండు నిమిషాల్లో రాసేసింది. ‘బాగుంది. వర్గం చేస్తే 2 వచ్చే సంఖ్య అసలు ఒకటి ఉందని నీకెలా తెలుసు?’ అని అడిగారు. క్లాసంతా నిశ్శబ్దం. కాలిక్యులేటర్లో వస్తుంది కదా అన్నారెవరో. కాలిక్యులేటరు చూపించే అంకెల్ని వర్గం చేసి చూడు, 2 వస్తుందేమో అన్నారు. రాదు. ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఎనిమిది మంది రాత్రి పన్నెండింటి దాకా దాని మీదే వాదించుకున్నారట. ‘ఇన్నేళ్లూ లెక్కలు చేశానుగానీ, లెక్కల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు సార్’ అంది. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తోంది.

ఈ మాట మనకే ఎక్కువ తగులుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్ అంటే ముందు గుర్తొచ్చేది ఎంపీసీ. పొద్దున ఆరింటికి స్టడీ అవర్ మొదలుపెట్టి లెక్కలు రుబ్బించే కాలేజీలకు కొదవలేదు. ఇంతమంది పిల్లలు ఇన్ని గంటలు లెక్కలు చేసే చోటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా అని నాకు అనుమానమే. ఎప్‌సెట్ ర్యాంకు వచ్చాక ఆ లెక్కలన్నీ కంప్యూటర్ సైన్స్ సీటుగా మారిపోతాయి. అందులో తప్పు పట్టడానికేం లేదు, ఇంటి పరిస్థితులు అలాంటివి. కానీ బీఎస్సీలో చేరిన కొద్దిమందికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పేవాళ్లే కరువు. చాలాచోట్ల ఖాళీలు అలాగే ఉన్నాయి, గెస్టు లెక్చరర్లతో బండి నడుస్తోంది. పరిశోధనకు పిల్లలు రావడం లేదని పైన కూర్చుని వాపోయేవాళ్లు ఈ మెట్టు దగ్గర ఎన్నడూ ఆగి చూడరు.

సరే, ఇవన్నీ దాటుకుని పీహెచ్‌డీలో చేరారనుకుందాం. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్లు దాటాక 42,000. కాగితం మీద గౌరవంగానే ఉంది. నెట్ పరీక్ష పాసవకుండా కేంద్ర విశ్వవిద్యాలయంలో చేరినవాళ్లకు యూజీసీ ఇచ్చేది నెలకు 8,000. ఏళ్లుగా అంతే. హైదరాబాద్‌లో రూము అద్దెకే సరిపోదు. అయినా అసలు బాధ అంకెలో లేదు, తారీకులో ఉంది. నాకు తెలిసిన ఒక కుర్రాడికి ఏడు నెలలు ఫెలోషిప్పు రాలేదు. సంతకం ఒక ఆఫీసులో, ఫైలు ఇంకో ఆఫీసులో, పోర్టల్ మారిందని మూడో ఆఫీసులో. చివరికి ఏడు నెలలదీ ఒకేసారి పడింది. ఈలోపు అతను సాయంత్రాలు కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పాడు. ఆ పని అతనికి బాగా వచ్చింది కూడా. ఇప్పుడు పూర్తిగా అక్కడే ఉన్నాడు. ప్రభుత్వం అతని మీద పెట్టాల్సిన డబ్బు పైసాతో సహా పెట్టింది, పరిశోధకుడు మాత్రం దక్కలేదు.

దీని పక్కన 1913ను పెట్టి చూడండి. మద్రాసు ఓడరేవు ఆఫీసులో నెలకు 30 రూపాయల గుమాస్తా రామానుజన్. డిగ్రీ లేదు. నిబంధనలు పక్కనపెట్టి మద్రాసు విశ్వవిద్యాలయం రెండేళ్లకు నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్పు ఇచ్చింది. షరతు ఒక్కటే, మూడు నెలలకోసారి ఏం చేశాడో రాసివ్వాలి. అతను ఇచ్చిన రిపోర్టులు మూడే. తర్వాత ఓడెక్కి వెళ్లిపోయాడు. రామానుజన్ మాస్టర్ సిద్ధాంతమని ఇప్పుడు పిలిచేది ఆ రిపోర్టుల్లోనే ఉంది. ఇవాళ గ్రాంటు తీసుకున్న ప్రొఫెసర్ ముందుగా రాయాల్సింది జీఎఫ్‌ఆర్ 12-ఏ, అంటే ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్. ‘యూసీ పోయిందా?’ అన్నది డిపార్టుమెంట్లలో పలకరింపు అయిపోయింది. లెక్క చెప్పమనడం న్యాయమే. కానీ రిపోర్టులో సిద్ధాంతం ఉందా లేదా అని చూసే మనిషి కన్నా, ప్రయాణ ఖర్చు పద్దులో మిగిలిన పద్నాలుగు వందలు ఎక్కడికి పోయాయని చూసే మనిషే ఎక్కువైతే, రిపోర్టులు కూడా ఆ మనిషి కోసమే తయారవుతాయి.

ఈ చిక్కును కాస్త అర్థం చేసుకున్న పథకం మ్యాట్రిక్స్. పరిశోధనలకు గ్రాంట్లిచ్చే కేంద్ర ప్రభుత్వ బోర్డు సెర్బ్ దాన్ని 2017లో తెచ్చింది. ఏడాదికి 2 లక్షల చొప్పున మూడేళ్లు, గణితం, స్టాటిస్టిక్స్, సిద్ధాంత శాస్త్రాల వాళ్లకు. పరికరాల జాబితా అడగదు. మొత్తం చిన్నదే, కానీ ఒక సహ పరిశోధకుణ్ని పిలిపించుకోవడానికి, రెండు సదస్సులకు వెళ్లి రావడానికి సరిపోతుంది. చిన్న ఊరి కాలేజీలో ఒంటరిగా పనిచేసే లెక్కల మాస్టారుకి ఆ రెండు ప్రయాణాలే ప్రాణం.

ఇప్పుడు సెర్బ్ లేదు. దాన్ని కలుపుకుని అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది. చట్టం 2023లో చేశారు. అయిదేళ్లలో 50,000 కోట్లన్నారు, అందులో దాదాపు 36,000 కోట్లు ప్రైవేటు రంగం, దాతల నుంచి రావాలన్నారు. ఆ తర్వాత 2025 జులైలో లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, నవకల్పన) పథకానికి కేబినెట్ ఒప్పుకుంది. అందులో ప్రధానంగా ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పులు. జీడీపీలో 0.64 శాతం దగ్గర ఆగిపోయిన మన పరిశోధన ఖర్చును పెంచాలంటే కంపెనీలు రావాలి, నిజమే. బ్యాటరీలకూ చిప్పులకూ ఆ డబ్బు పనికొస్తుంది. ప్రధాన సంఖ్యల మీద పనిచేసేవాడు ఏ కంపెనీ దగ్గర చెయ్యి చాపాలి? సిద్ధాంతం అప్పు తీర్చదు. తీర్చినా ఎనభయ్యేళ్ల తర్వాత, ఇంకెవరి ఖాతాలోనో. క్రామర్-రావు అసమానతను రాడార్ల వాళ్లు వాడుకుంటున్నారు, దాని మీద ఎవరికీ రాయల్టీ పోవడం లేదు. అందుకే ఈ ఒక్క చోట ఖర్చు నేరుగా ఖజానా నుంచే రావాలంటాను, పరిశ్రమ వాటా వస్తే ఇస్తామన్న మెలిక లేకుండా.

రాష్ట్రాలు చేయగలిగింది కూడా ఉంది, ఎంటీటీఎస్ లాంటి వేసవి బడి. నలభై మంది బీఎస్సీ పిల్లలు, నాలుగు వారాలు. మెస్సుకి రోజుకి మనిషికి 200 వేసుకుంటే 2,24,000. రానుపోను చార్జీలు మనిషికి వెయ్యి చొప్పున 40,000. ఆరుగురు మాస్టార్లకు తలా 50,000 ఇచ్చినా మూడు లక్షలు. మొత్తం ఆరు లక్షలు దాటదు. ఉమ్మడి జిల్లాకొకటి పెట్టినా రెండు రాష్ట్రాలకూ కలిపి కోటిన్నర కాదు. గదుల కోసం వెతుక్కోనక్కర్లేదు. మే నెలలో మన డిగ్రీ కాలేజీల హాస్టళ్లు తాళాలు వేసే ఉంటాయి.