విక్టోరియా నుదుటి మీద సెల్ నంబరు

విశాఖ వన్ టౌన్‌లో విక్టోరియా మహారాణి విగ్రహం పెట్టిన నాడే ఆవిడ నుదుటి మీద ఒకాయన పేరు, సెల్ నంబరు ఉన్నాయట. నమ్మకపోతే ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్న, ఎవరో తన పేరు కొట్టుకున్న పాత ఫొటో చూడండి. 1923లో కింగ్ జార్జి ఆసుపత్రి తెరిచేసరికి గోడకి అడ్డంగా ఆయన పేరే. 1948 మార్చి 14న నెహ్రూ గారు 'జల ఉష' ఓడని నీళ్లలోకి వదిలితే, ఓడకన్నా ముందు ఆయన పేరు తేలింది.

కింద 'సేకరణ' అని కూడా ఉంటుంది. అంటే ఎవరింటి ఆల్బమ్‌లోదో ఫోన్‌తో ఫొటో తీసుకొచ్చి, ఫొటో అంటించిన అట్ట అంచు కత్తిరించడం. స్టూడియో పేరు, ఊరు, ఏడాది అచ్చయి ఉండేది ఆ అంచు మీదే! చరిత్ర పోతే పోయింది, పేరు పట్టడానికి చోటు దొరికింది.

మొన్న కురుపాం మార్కెట్ దగ్గర టీ కొట్టులో ఇద్దరు పెద్దమనుషులు అలాంటి ఫొటో ఒకటి ముందేసుకున్నారు. 'ఇది మన మెయిన్ రోడ్డే బావా' అని ఒకరు. 'కాదు, సోల్జర్‌పేట' అని ఇంకొకరు. కొట్టు బోర్డు చదివితే తేలిపోతుంది, కానీ సరిగ్గా బోర్డు మీదే పేరు కొట్టారు. వేళ్లతో పెద్దది చేశారు. పేరు పెద్దదైంది. చివరికి ఆ నంబరుకే ఫోన్ చేశారు.

'ఏ వీధండీ ఇది?'

'పాత వైజాగ్ అండీ. లైక్ కొట్టారా?'

ఇంతలో టీ పోస్తున్న కుర్రాడు వంగి చూసి, 'తాతగారూ, రోడ్డు మధ్యన పట్టాలేటి?' అన్నాడు. ట్రాము పట్టాలు. విశాఖలో ట్రాము ఏనాడు నడిచిందని! మద్రాసు వీధిని పట్టుకుని ఇద్దరూ అరగంట నుంచి చిన్ననాటి ఇల్లు వెతుక్కుంటున్నారు. ఒకాయనకి అప్పటికే దొరికేసింది కూడా.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. సముద్రం ఒడ్డు ఫొటోల కింద 'బ్రిటిష్ కాలం నాటి వైభవం' అని రాస్తారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఎవడి వైభవం? 1933లో పోర్టు తెరవకముందు ఓడలు దూరాన లంగరేస్తే, అలలకి ఎదురెళ్లి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చింది జాలర్లు. ఫొటోలో ముందు నిలబడింది వాళ్లే. దొర పేరు వెతికి మరీ రాస్తారు. వీళ్లలో ఒక్కడికీ పేరుండదు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులేస్తే జనం ఇళ్లకి తాళాలేసి పల్లెలకి పరుగెత్తారు. అప్పటికి ఊహ తెలిసిన పిల్లలకి ఇప్పుడు తొంభై. ఏ బండెక్కారు, ఎవరింట్లో తలదాచుకున్నారు, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఏం మిగిలింది అని వాళ్ల పక్కన కూర్చుని అడిగే నాథుడు లేడు. మామ్మ దగ్గర ఫొటో తీసుకుంటారు, మాట తీసుకోరు. సిగ్గనిపించదా?

అనిపించదు. ఆవిడ పోయాక ఆవిడ ఫొటో మీద కూడా కొడతారు, 'సేకరణ' అని.