డూ ద నీడ్‌ఫుల్: ఏం చెయ్యమని?

(విజయవాడ సత్యనారాయణపురం, ఒక ఇంటి వరండా. పెదనాన్న హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. అమ్మాయిది రోజంతా ఈమెయిళ్లు రాసే ఉద్యోగం. ఇద్దరి మధ్యా బ్యాంకుకి రాసిన ఇంగ్లిష్ అర్జీ. పాస్‌బుక్కులో నామినీ పేరు లక్ష్మికి బదులు లక్ష్మణ్ అని పడింది.)

అమ్మాయి: చివర్లో మళ్లీ ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ ఆబ్లైజ్’ అని, అదే, ‘దయచేసి చెయ్యవలసింది చేసి ఉపకారం చెయ్యండి’ అని పెట్టారా పెదనాన్నా!

పెదనాన్న: పెట్టక? ఆ ముక్క లేకుండా నా టేబుల్ దాటి ఒక్క కాగితం పోలేదు.

అమ్మాయి: మా ఇంగ్లండు క్లయింటుకి అలాగే రాస్తే, ‘అంటే ఏం చెయ్యాలి?’ అని తిరిగి మెయిల్ పెట్టాడు.

పెదనాన్న: మనకి నేర్పిందే వాళ్లు!

అమ్మాయి: నేర్పారు, వాళ్లు మానేశారు. అక్కడ పాతబడిపోయింది, మన ఆఫీసుల్లో మిగిలింది.

పెదనాన్న: పాతదైతే తప్పా? వ్యాకరణం ఎక్కడ తప్పిందో చూపించు.

అమ్మాయి: తప్పలేదు.

పెదనాన్న: తప్పింది! డీటీపీ కుర్రాడు ‘ఆబ్లైజ్’ తర్వాత ఫుల్‌స్టాప్ కొట్టాడు. అక్కడ కామా ఉండాలి. ఆబ్లైజ్ ఎవర్ని? కింద సంతకం పైనున్న ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ని, అంటే నన్ను. అంతా కలిపి ఒకే వాక్యం. చుక్క పెడితే క్రియకి కర్మ లేకుండా పోతుంది.

అమ్మాయి: (నిజంగానే ఆశ్చర్యపోయి) ఇది నాకు తెలీదు. కానీ బ్యాంకులో వాళ్లకి కావాల్సింది కామా కాదుగా. పేజీ అంతా వెతికినా, పేరు ఏమని మార్చాలో మీరెక్కడా రాయలేదు.

పెదనాన్న: తెలుగు అర్జీలో ‘తగు చర్య తీసుకోవలసిందిగా కోరుచున్నాను’ అనమా? ఆఫీసరుకి ఇది చెయ్యి, అది చెయ్యి అని ఆర్డరు వేస్తామా? తగినదేదో ఆయనకే వదిలేస్తాం. అదీ మర్యాద.

అమ్మాయి: వదిలేశారు కాబట్టే రెండు నెలలుగా పెద్దమ్మ లక్ష్మణ్‌గా ఉండిపోయింది. పైగా ఒకప్పుడు ఇంగ్లండులో ‘ద నీడ్‌ఫుల్’ అంటే వాడుకలో డబ్బు, తెలుసా?

పెదనాన్న: (నవ్వాపుకోలేక) మన దగ్గరా కొందరు అలాగే అర్థం చేసుకున్నారులే.

అమ్మాయి: అందుకే ‘నామినీ పేరు లక్ష్మి అని సరిచేయండి’ అని రాయండి. ముందు ప్లీజ్ పెడితే మర్యాదకేం లోటు రాదు.

పెదనాన్న: సరే. ‘ప్లీజ్ కరెక్ట్ ద నామినీస్ నేమ్ టు లక్ష్మి’... ‘అండ్ ఆబ్లైజ్’... కామా.

అమ్మాయి: మళ్లీనా?

పెదనాన్న: ఆ కామా పెట్టేవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే మిగిలినట్టున్నాను. పెట్టుకోనీవే.