డైవ్ కంప్యూటర్ డేటా కేబుల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డేటా కేబుల్ గారికి,

విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ నుంచి ఒక డైవరు నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. మీ తలకాయ మీద వెలిగే నీలం దీపాన్ని చూసి మీరు కూడా క్షేమంగానే ఉన్నారని నెల రోజుల పాటు నమ్మాను. ఆ నమ్మకం నన్ను ఎక్కడెక్కడ తిప్పిందో మీకు తెలియజేయడానికే ఈ లేఖ.

పోయిన నెల ఒక ఆదివారం నేనూ మా బావమరిదీ రుషికొండ దగ్గర పడవెక్కి, 14 మీటర్ల లోతుకు దిగి, పైకి వస్తుండగా ఎవరి మణికట్టు మీదనో డైవ్ కంప్యూటర్ (నీటి కింద లోతు, సమయం లెక్కపెట్టే గడియారం లాంటి యంత్రం) కీచుమంది. పైకి తేలే వేగం ఎక్కువైందని ఆ కూత అర్థం. పడవలోకి ఎక్కీ ఎక్కకముందే వాడు, "బావా, దారం తెగిన గాలిపటంలా లేచిపోయావు, కూసింది నీదే" అన్నాడు. నాది కాదు, నీదేనన్నాను. నీటిలో ధ్వని గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది కనుక, అది ఏ వైపు నుంచి వచ్చిందో మనిషి చెవి పోల్చుకోలేదు. అందువల్ల సముద్ర గర్భంలో సాక్షులెవరూ పనికిరారు. వాడు కట్టుకున్నది అరువు యంత్రం, ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేశాడు. మిగిలిన ఏకైక సాక్ష్యం నా మణికట్టు మీద ఉంది. ఓడినవాడు వచ్చే నెల ఇద్దరి పడవ ఖర్చూ భరించాలని పందెం కుదిరింది.

నా యంత్రం పది సెకన్లకొకసారి లోతు రాసుకుంటుంది. కానీ దాని చిన్న తెర మీద గరిష్ఠ లోతు, మొత్తం సమయం తప్ప మరేమీ చూపదు. లోతు ఎప్పుడెంత మారిందో చూపే అసలు గీత చూడాలంటే దానిని పీసీలోకి దించాలి. దించే దారి మీరొక్కరే.

మీ యజమాని అయిన ఆ యంత్రం తెలివిని నేను తక్కువ చేయడం లేదు. నీటి కింద ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంటే, స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్బర్ట్ బ్యూల్మన్ వేసిన పద్ధతిలో నా శరీరాన్ని 16 భాగాలుగా ఊహించుకుని, ఒక్కో భాగంలో ఎంత నత్రజని కరిగిందో, అది ఎంతసేపటికి బయటికి పోతుందో లెక్కకడుతూ ఉంటుంది. ఇంత లెక్క తెలిసిన యంత్రం బల్ల మీద జానెడు దూరంలో ఉన్న పీసీతో ఒక్క మాట మాట్లాడలేకపోయింది. మన బీచ్ రోడ్డులోనే ఐఎన్‌ఎస్ కురుసుర ఉంది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన 91 మీటర్ల జలాంతర్గామిని సముద్రంలోంచి ఇసుక మీదికి లాగి, 2002లో మ్యూజియంగా తెరిచారు. దానిని ఒడ్డుకు చేర్చిన ఊరిలో నా నలభై నిమిషాల డైవు ఒక మీటరు పొడవున్న మీ దేహాన్ని దాటి ఒడ్డుకు చేరలేదు.

ఇక మీ దీపం సంగతి. మిమ్మల్ని గుచ్చగానే అది వెలిగేది, పీసీ టింగుమనేది. ఇంతకంటే బతికున్నట్టు ధ్రువీకరణ ఏం కావాలి? మీలో ఎరుపు, నలుపు తీగలు కరెంటుకనీ, ఆకుపచ్చ, తెలుపు తీగలు సమాచారానికనీ, దీపం వెలగడానికి మొదటి రెండే చాలనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పీసీ టింగుమన్నది కూడా మీ యూఎస్‌బీ తలలో కూర్చున్న చిప్పును చూసి మాత్రమే. అవతలి కొసన క్లిప్పు నా యంత్రాన్ని పట్టుకుందో, ఊరికే ముట్టుకుందో ఆ శబ్దానికి తెలియదు. కనుక నేను మిమ్మల్ని వదిలేసి తక్కిన వారందరినీ అనుమానించాను.

మొదటి అనుమానం డ్రైవరు మీద, అంటే పీసీకి మిమ్మల్ని పరిచయం చేసే సాఫ్ట్‌వేరు మీద. పీసీకి తగిలించినవాటి జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిస్తే మీ పేరు పక్కన పసుపు త్రికోణంలో ఒక ఆశ్చర్యార్థకం కనిపించింది. (ఆశ్చర్యపోవలసింది నేనైతే, ఆ గుర్తు వాళ్లు పెట్టుకున్నారు.) మీ తలలో ఉన్నది పాత సీరియల్ పోర్టు భాషను యూఎస్‌బీ భాషలోకి మార్చే చిప్పు. ఈ చిప్పుల లోకంలో నకిలీల బెడద ఎంతటిదంటే, 2014లో ఒక తయారీదారు కొత్త డ్రైవరు నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యనే సున్నాగా మార్చివేసి, వాటిని ఏ పీసీ గుర్తుపట్టకుండా చేసింది. మీ వంశం అసలుదా నకిలీదా తేల్చుకోలేక డాబా గార్డెన్స్‌లోని ఒక దుకాణానికి తీసుకువెళ్తే, ఆ కుర్రవాడు పాత డ్రైవరు ఎక్కించి, త్రికోణం మాయమయ్యేలా చేసి, మూడు వందలు తీసుకుని, "ఇంక మీదే ఆలస్యం సార్" అన్నాడు.

ఆలస్యం నాది కాదు. సాఫ్ట్‌వేరు ఏ కామ్ పోర్టు అని అడిగింది. కుడి వైపు గుచ్చితే మీరు కామ్ 4, ఎడమ వైపు గుచ్చితే కామ్ 7, మా అబ్బాయి హబ్బులో గుచ్చితే కామ్ 12. ఒక్క ఇంట్లో మూడు డోరు నంబర్లు పెట్టుకుని తిరిగేవారికి ఉత్తరం ఎలా చేరుతుంది? చివరికి లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన డైవుల చిట్టా కోసం 2011లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరు సబ్‌సర్ఫేస్ కూడా ఎక్కించాను. అదీ కాసేపు ప్రయత్నించి, అవతల ఎవరూ పలకడం లేదని మర్యాదగా తప్పుకుంది. దానికీ దుకాణం కుర్రవాడికీ నా క్షమాపణలు. వాళ్లు నిజమే చెప్పారు.

మొన్న బుధవారం భోజనం చేసి, చేయి సరిగా తుడుచుకోకుండానే మిమ్మల్ని మళ్లీ తగిలిస్తుండగా, తడి వేలు యంత్రం అంచున ఉన్న లోహపు చుక్కలకు తగిలింది. నీరు తగిలితే సముద్రంలో దిగినట్టు భావించడం దాని ధర్మం. మా భోజనాల బల్ల మీద, పప్పు గిన్నె పక్కన, సున్నా మీటర్ల లోతులో అది డైవు మొదలుపెట్టింది. యంత్రం వైపు చుక్కలు పనిచేస్తున్నాయని అప్పుడు నాకు తట్టింది. మిగిలింది మీ క్లిప్పు.

ఎదురుగా కూర్చున్న మా అమ్మ కళ్లజోడు సవరించుకుని మీ క్లిప్పును దీపం కింద పట్టి చూసి, "చిలుము పట్టిందిరా" అంది. మీ నాలుగు మొనల మీద బంగారు పూత అరిగి, కింద ఇత్తడి బయటపడి, పూజ గదిలో వాడని కుందికి పట్టినట్టే పచ్చగా చిలుము పట్టి ఉంది. మూడో మొన ఉప్పుతో బిగుసుకుపోయి లోపలే ఉండిపోయింది. ఏటేటా రంగు వేసినా కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలిపోయే ఈ వీధిలో, మిమ్మల్ని సముద్రపు తడి ఆరని సంచిలోనే వదిలేసింది నేనే. అది ఒప్పుకుంటాను. కానీ లోపలికి పోయిన మొన గురించి దీపం ఆర్పి ఒక్క సైగ చేసి ఉండవచ్చు కదా? అమ్మ చింతపండు పులుసులో గుడ్డ కొస ముంచి ఒక్కో మొనను తుడిచి, మంచినీళ్లతో కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టింది. ఉదయం లేచి వేలితో నొక్కితే మూడో మొన టక్కున పైకి లేచింది.

తగిలించగానే డైవులన్నీ వరుసగా దిగాయి. ఆ ఆదివారం గీత తెరిచాను. 11.4 మీటర్ల దగ్గర నుంచి 6.2 మీటర్ల వరకు ఇరవై సెకన్లు. అంటే నిమిషానికి 15.6 మీటర్లు. అలాంటి యంత్రాలు సాధారణంగా 9, 10 దాటితేనే కూస్తాయి. ఆ చోట ఎర్ర గుర్తు కూడా ఉంది, నా యంత్రంలోనే ఉంది.

అయ్యా, నెల రోజులుగా మీరు ఎందుకు నోరు విప్పలేదో అప్పుడు నాకు అర్థమైంది. మిమ్మల్ని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివారం మా బావమరిది భోజనానికి వస్తున్నాడు, వచ్చీ రాగానే గీత చూపమంటాడు. ఆ ఒక్క పూటకు మీ మూడో మొనను దయచేసి లోపలే ఉంచుకోగలరు. నీలం దీపం మాత్రం మామూలుగా వెలిగించండి.

ఇట్లు,
మీ దయవల్ల నెల రోజులు నిర్దోషిగా బతికిన
ఒక డైవరు