పేర్ల నియమానికి సడలింపు ఎక్కడ?

ఒకే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఒకరు ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) పేరును అండర్‌స్కోర్‌తో రాసి, మరొకరు మధ్యలో పెద్దక్షరం పెడితే, ఆ తర్వాత చేరినవారు ఏది వాడాలో తెలియక ప్రతిసారీ వెతుక్కోవాల్సిందే. అందుకే పేర్ల నియమాలు కచ్చితంగా ఉండాలంటాం. అయితే సడలింపు అడిగిన ప్రతివారికీ నిర్లక్ష్యం అంటగట్టడం అన్యాయం.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అనుభవమే చూడండి. ఫంక్షన్ల పేర్లు చిన్నక్షరాల్లో, అండర్‌స్కోర్లతో ఉండాలన్నది ఆ భాషలో కోడ్ ఎలా రాయాలో చెప్పే, 2001లో వచ్చిన పెప్ 8 అనే పత్రం నియమం. పైథాన్‌తోనే వచ్చే థ్రెడింగ్ మాడ్యూల్ (ఒకేసారి పలు పనులు నడిపే కోడ్ భాగం) మాత్రం జావా తరహాలో ‘కరెంట్‌థ్రెడ్’ అని కలిపేసి, మధ్యలో ‘టి’ని పెద్దక్షరం చేసింది. ఆ పేరు మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు ఊరూరా నడుస్తున్నాయి. మారిస్తే అవన్నీ విరిగిపోతాయి. కాబట్టి పెప్ 8 ఆ మాడ్యూల్‌నే పేరు పెట్టి చెప్పి మినహాయింపు ఇచ్చింది. 2008లో 2.6 వెర్షన్ నియమానికి తగిన పేరును పాతదాని పక్కన చేర్చింది. పాత పేరు వాడొద్దన్న హెచ్చరిక 2021లో, 3.10 వెర్షన్‌తో గానీ రాలేదు. పదమూడేళ్ల ఓపిక! దాన్ని మెత్తదనం అనలేం, వాడుకదారుల పట్ల బాధ్యత అది.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ప్రాజెక్టు 2020లో మాస్టర్ (యజమాని), స్లేవ్ (బానిస) అనే మాటలు కొత్త కోడ్‌లో వద్దంది. అప్పటికే ఉన్న హార్డ్‌వేర్, ప్రొటోకాల్ ప్రమాణాలు ఆ మాటలనే కోరితే మాత్రం వాడుకోనిచ్చింది. ఆ ఏడాదినే హద్దుగా పెట్టడం మాకు బాగా నచ్చింది. తలుపు ఎక్కడ మూసుకుంటుందో అందరికీ తెలుసు.

గణితానిదీ న్యాయమైన కోరికే. మెషిన్ లెర్నింగ్‌కు వాడే పైథాన్ లైబ్రరీ సైకిట్ లెర్న్‌లో డేటా మాత్రికను, చిన్నక్షరాల నియమాన్ని పక్కనపెట్టి, పెద్ద ‘ఎక్స్’ అంటారు. ఆ రంగంలో అందరూ గుర్తుపట్టే గుర్తును నియమం కోసం చెరపడం చదివేవారికి మేలు చేయదు.

మేం ఒప్పుకోనిది వేరే ఉంది. గడువు దగ్గరపడింది, తర్వాత మారుస్తాం అనే సాకు. నియమం తప్పిన చోట హెచ్చరించే తనిఖీ టూల్ గోలపెడుతోందని ఫైలు మొత్తానికీ దాని నోరు నొక్కేయడం. మినహాయింపు కావాలంటే ఆ ఒక్క వరుసకే తీసుకోండి. ఎవరి కోడ్ విరుగుతుందనో, ఏ ప్రమాణం కోరుతోందనో పక్కనే వ్యాఖ్యగా రాయండి. ఆ కారణం రాయలేకపోతే, రివ్యూ చేసేవారు ఆ మార్పును వెనక్కి పంపాలి.